వసారాకి నంబరిచ్చిన వారం

ఆ రోజుల్లో నేను దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే, నోరు తెరవక్కర్లేని ఉద్యోగం. జీతమెంతైనా, పని ఏదైనా సర్దుకుంటాను గాని మనుషులతో మాట్లాడమనకూడదు. ఈ మాట ఇప్పుడు నాతో పనిచేసేవాళ్ళకి చెబితే నవ్వుతారు. అప్పటి నన్ను చూసినవాళ్ళయితే నవ్వరు. బి.కొత్తకోట నుంచి మదనపల్లెకి వచ్చే బస్సులో, నేను దిగాల్సిన చోట ఆపమని కండక్టరుతో చెప్పలేక, అక్కడ ఇంకెవరైనా దిగుతారేమోనని చూసి, ఎవరూ లేవకపోతే తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. (నడక ఆరోగ్యానికి మంచిదని అమ్మతో చెప్పుకున్నాను.) బయట అనలేకపోయినవన్నీ సాయంత్రం డైరీలో రాసుకునేదాన్ని. ఆ డైరీలో కండక్టరుతో నేను మాట్లాడిన తీరు చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. పాపం, ఆ మనిషి నాకు ఎదురు చెప్పలేకపోయేవాడు. డైరీ రాయడం అయ్యాక లైబ్రరీ పుస్తకం తెరిచేదాన్ని. పుస్తకాల్లో వాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు, మధ్యలో మనల్నేమీ అడగరు.

డిగ్రీ అయ్యాక నాన్న ఒక నిర్ణయం చెప్పారు. మదనపల్లెలో ఏదైనా ఉద్యోగం కుదిరితే సరే, కుదరకపోతే ఇంటి ముందు గదిలో ట్యూషన్లు చెప్పాలి. వీధిలో పిల్లలందరినీ ఆయన అప్పుడే మాట్లాడేశారు కూడా. గది నిండా పిల్లలు, అందరూ నా మొహం వంకే చూస్తూ, నేను పొద్దు గుంకేదాకా గొంతెత్తి పాఠం చెబుతూ ఉండడం నాకు కలలో వచ్చేది. ఆ కల నుంచి నన్ను కాపాడింది మదనపల్లెలో బెంగుళూరు బస్టాండు దగ్గర, బేకరీ పైన ఉన్న ఒక చిన్న కంప్యూటరు ఆఫీసు. దాన్ని నడిపే సారు నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. నేను తలూపడం తప్ప ఏమీ అనడం లేదని గమనించి, "భయపడొద్దమ్మా, ఈడ నువ్వు ఎవురితోనూ మాట్లాడే పని లేదు. మిషనుతో మాట్లాడాల, అంతే" అన్నారు. ఆ వాక్యాన్ని ఆ రోజు డైరీలో రాసి కింద గీత గీసుకున్నాను.

పని ఏమిటంటే, మదనపల్లెలో మిద్దెలవ్వ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆమె భర్త మంచి రోజుల్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో వరసగా మిద్దెలు కట్టించి, అన్నీ బాడుగలకిచ్చి కాలం చేశాడు. ఏ ఇంట్లో ఎవరున్నారన్నది అవ్వ మనసులోనే ఉండేది. తాళంచెవులన్నిటికీ తన పాత చీరల అంచులు చింపి కట్టుకుని, ఆకుపచ్చ అంచు పుంగనూరిది, వంగపండు రంగు కుప్పానిది అని గుర్తుపెట్టుకునేది. బెంగుళూరులో ఉండే అల్లుడికి ఈ పద్ధతి నచ్చలేదు. అక్కడ ఒక కంపెనీ బాడుగ ఇళ్ళ వివరాలన్నీ ఇంటర్నెట్లో పెట్టి చూసుకునే ఏర్పాటు అమ్ముతుంటే అత్తగారి కోసం కొన్నాడు. ఆ ఇళ్ళని ఎక్కించే పని మా సారుకి, సారు నుంచి నాకు వచ్చింది.

"వెబ్ సర్వీసు అంటే ఏం లేదమ్మా" అని సారు మొదటి రోజు వివరించారు. "హోటల్లో కిటికీ కాడ టోకెన్ ఇస్తాం కదా. లోపల వంటాయన ఎవురో మనకి తెలీదు, కనపడడు. టోకెన్‌లో ఏముంటే అది బయటికొస్తాది. తప్పు టోకెన్ ఇస్తే టోకెన్నే తిరిగొస్తాది." నాకు అర్థమైనట్టు తలూపాను. (రెండు వారాలదాకా నాకు గుర్తున్నది ఆ హోటలొక్కటే.) పని చేస్తూ పోగా కొంచెం తెలిసింది. ఒక్కో ఇల్లు ఒక యూనిట్. దానికో నంబరు, ఊరు, ఎన్ని గదులు, ఎవరున్నారు, ఖాళీనా కాదా అన్నవి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్యలో రాసి పంపితే, బెంగుళూరు మిషను ఒక అంకెతో జవాబిస్తుంది. ఒక అంకె వస్తే యూనిట్ ఎక్కినట్టు, ఇంకోటి వస్తే అలాంటి యూనిట్ లేనట్టు, మరోటి వస్తే బ్రాకెట్టు మూయడం మరిచిపోయినట్టు. నాకు ఆ మిషను చాలా నచ్చింది. అది గొంతు పెంచదు. 'ఏంది నీలో నువ్వే గొణుక్కుంటాండావు' అనదు. నేను రాసి పంపుతాను, అది రాసి పంపుతుంది. ఇంత మర్యాద తెలిసినవాళ్ళు మా బంధువుల్లో ఎవరూ లేరు.

అవ్వ ఇళ్ళన్నీ ఆషాఢం వచ్చేలోగా తప్పు లేకుండా ఎక్కాలని గడువు పెట్టారు. "అట్ల ఎక్కినాయంటే నీ ఉద్యోగం పర్మనెంటు" అన్నారు సారు. "లేదంటే..." అని ఆగిపోయారు. మిగిలింది నేను పూర్తి చేసుకున్నాను. ట్యూషన్ పిల్లలు మా ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తూ కనిపించారు.

అన్నీ ఎక్కాయి, మూడు తప్ప. అది బదిలీల కాలం. మదనపల్లె ఇంట్లో ఉంటున్న సిస్టరమ్మ (మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆమెను అందరూ అలాగే పిలిచేవాళ్ళు) చెల్లెలికి దగ్గరగా ఉండాలని పుంగనూరు ఇంటికి మారుతోంది. ఆ పుంగనూరు ఇంట్లో ఉంటున్న అయ్యవారు, అంటే స్కూలు టీచరు, బదిలీ మీద కుప్పం ఇంటికి పోతున్నాడు. కుప్పం ఇంట్లో ఉంటున్న పట్టు శాఖ ఉద్యోగి మదనపల్లెకి, సిస్టరమ్మ ఇంటికే, వస్తున్నాడు. ముగ్గురూ అవ్వ మనుషులే, మూడూ అవ్వ ఇళ్ళే. ఇంతకన్నా సులువేముంది అనుకుని సిస్టరమ్మని పుంగనూరు యూనిట్లో వేశాను. మిషను ఒప్పుకోలేదు. అందులో మనిషి ఉన్నాడంది. సరే, ఆ అయ్యవారిని ముందు కుప్పం పంపిద్దామని చూశాను. అందులోనూ మనిషి ఉన్నాడు. పట్టు శాఖ ఆయన్ని మదనపల్లెకి తెద్దామంటే అక్కడ సిస్టరమ్మ ఉంది. పోనీ ఒకరిని ఖాళీ చేయించి వీధిలో నిలబెడదామంటే, ఇల్లు లేని మనిషి రికార్డు చెల్లదంది. ఈ చివరి నుంచి, ఆ చివరి నుంచి, మధ్యలో నుంచి మొదలుపెట్టి చూశాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మళ్ళీ మదనపల్లె. కళ్ళు మూసుకున్నా బస్సు బోర్డులే కనిపించేవి.

"వీళ్ళల్లో ముందు ఖాళీ చేసినోళ్ళు ఎవురో కనుక్కో. అక్కడి నుంచి మొదలుపెట్టు" అన్నారు సారు.

"ఎట్ల కనుక్కోవాల సార్" అన్నాను, అంటే అన్నాననుకున్నాను. సారుకి నా పెదవులు కదిలినట్టే కనిపించి ఉంటుంది.

"పోయి అడుగు. సిస్టరమ్మ ఇల్లు ఈ వీధి దాటితే వస్తాది."

ఆ వీధి దాటడానికి నాకు చాలాసేపు పట్టింది. దారిలో అడగాల్సిన ప్రశ్నని ఒకటికి పదిసార్లు అనుకున్నాను. 'ఈ ఇంట్లో ఎవరున్నారండీ?' ఇంతే. తీరా వెళితే తలుపు బార్లా తెరిచి ఉంది, గడపకి పసుపు, గుమ్మానికి మామిడాకులు. వంటింట్లో ఎవరో కొత్తావిడ తలనిండా పూలు పెట్టుకుని స్టవ్ మీద గిన్నె పెట్టి పాలు కాస్తోంది. ఆమె పక్కన భర్త, ఇద్దరు పిల్లలు, వాళ్ళ వెనకాల మిద్దెలవ్వ. తెల్లచీరలో సిస్టరమ్మ తన వంటింట్లో తనే ఒక మూలకి ఒదిగి నిలబడి ఉంది. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. అందరూ చేతులు జోడించారు. సిస్టరమ్మ మాత్రం గుడ్డ తీసుకుని గమ్మున స్టవ్ తుడిచింది.

నా చేతిలోకి ఒక గ్లాసులో పాయసం వచ్చింది. అది పట్టుకుని నా ప్రశ్న అడిగేశాను.

"మేముండాము" అంది పాలు పొంగించిన ఆవిడ.

"నేనుండాను" అంది సిస్టరమ్మ.

"ఇద్దరూనా?"

"ఇద్దరూ యాడుంటాము తల్లీ" అంది సిస్టరమ్మ. "నేను పుంగనూరికి పోయినాను కదా."

"ఎప్పుడు పోయినారు?"

"పోలా. నెలాఖరుకి పోతా."

నా మొహం చూసి అవ్వకి జాలేసింది. నన్ను వసారాలో కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఎల్లుండి దాటితే అమావాస్య, ఆ పైన ఆషాఢం. ఆషాఢంలో కొత్తింట్లో కాలు పెట్టకూడదు. కాని బదిలీ ఆర్డర్లకి ఆషాఢం తెలియదు. అందుకని ఈలోపలే మంచిరోజు చూసి కొత్తింట్లో పాలు పొంగించుకుంటే ఇల్లు చేరినట్టే. సామాన్లు ఎప్పుడొచ్చినా దోషం లేదు. అందువల్ల పట్టు శాఖ వాళ్ళు ఇప్పుడే సిస్టరమ్మ ఇల్లు చేరారు. అయ్యవారి భార్య నిన్న కుప్పం వెళ్ళి, ఇంకా ఈ పట్టు శాఖ వాళ్ళ మంచాలూ బీరువాలూ కదలని ఇంట్లో పాలు పొంగించి వచ్చింది. సిస్టరమ్మకి ఆషాఢం పట్టింపు లేదు, పాలూ లేవు. ఆమె పాస్టరుగారిని తీసుకుని పుంగనూరు వెళ్ళి అయ్యవారి హాల్లో ప్రార్థన చేయించుకుంది. అయ్యవారు కూడా కళ్ళు మూసుకుని కూర్చున్నాడట.

"పాలు పొంగినాయంటే ఇల్లు వాళ్ళదే పాపా. ప్రార్థనైనా అంతే. అట్లనే రాసుకో" అంది అవ్వ.

"మరి ఇప్పుడు ఇందులో ఉండేది?"

"సిస్టరమ్మ."

"ఇల్లు?"

"వాళ్ళది."

అంటే మనుషుల లెక్కలో ముగ్గురూ మారిపోయారు. మిషను లెక్కలో ఒక్కరూ కదల్లేదు. రెండూ నిజమే. నాకు ఎవరి వైపు ఉండాలో తెలియలేదు. పాయసం మాత్రం తాగేశాను. లేవబోతూ, అడగాలనుకోకుండానే ఒక మాట అడిగాను. "మరి సామాన్లు మార్చేటప్పుడు ఎవరి సామాన్లు ముందు పోతాయవ్వా?"

"ఒకటే లారీ మాట్లాడినా. సిస్టరమ్మ సామాన్లు పుంగనూరికి పోతాయి. ఆడ వసారాలో దించుతారు. అయ్యవారి సామాన్లు ఎత్తినాక లోపల పెడతారు. దాంట్లో ఏముండాది."

ఆ రాత్రి డైరీలో ఒక్క మాటే రాసుకున్నాను. వసారా. మనుషులకి వసారా ఉంది, మిషనుకి లేదు. దానికీ ఒక వసారా ఇస్తే సరి. (పుస్తకాలు చదివే అమ్మాయిలకి ఇలాంటి తెలివితేటలు వస్తుంటాయి. వాటి వల్ల ఏం జరుగుతుందో పుస్తకాల్లో రాయరు.) పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పుంగనూరు ఇంటి వసారాని కొత్త యూనిట్‌గా రాశాను. దానికో నంబరిచ్చాను. గదులు లేవని, గాలీ వెలుతురూ ఉన్నాయని వివరాల్లో నిజాయితీగా పెట్టాను. మిషను మారుమాట్లాడకుండా ఎక్కించుకుంది. సిస్టరమ్మని వసారాలోకి పంపాను, వెళ్ళింది. పట్టు శాఖ ఆయన్ని మదనపల్లెకి, అయ్యవారిని కుప్పానికి, సిస్టరమ్మని వసారా నుంచి లోపలికి. అన్నిటికీ మంచి అంకెలే వచ్చాయి. సారు కింద నుంచి ఎగ్ పఫ్ తెప్పించారు. ట్యూషన్ పిల్లలు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మెట్ల మీద గొడుగు కర్ర చప్పుడైంది. సిస్టరమ్మ.

"ఈ ఆఫీసులో నన్ను వసారాలో పెట్టింది ఎవురు?"

సారు నా వైపు చూశారు. సిస్టరమ్మ తన ఫోను నా ముందు పెట్టింది. మనిషి ఇల్లు మారినప్పుడల్లా ఆ మనిషికి ఒక మెసేజి పంపడం ఆ మిషనుకి అలవాటని మాకెవరూ చెప్పలేదు. పుంగనూరు వసారాలో మీ కొత్త జీవితానికి స్వాగతం అని ఇంగ్లీషులో ఉంది అందులో.

"నువ్వు యాడ పుట్టినావు తల్లీ?"

"మిషనాసుపత్రిలో" అన్నాను.

"సూడు. మొదట పట్టుకునింది నేనే అయ్యుంటా. దానికి నన్ను తెచ్చి వసారాలో పెట్టినావు."

"ఒక్క నిమిషమే పెట్టినాను. మళ్ళీ లోపల పెట్టినాను."

"యాడ పెట్టినావు? అబద్ధం యాల చెప్తాండావు? దీంట్లో లేదే."

లేకపోవడానికి కారణం ఆ ఫోను నిండిపోవడం. చర్చి సంఘం వాళ్ళు రోజూ పంపే బైబిలు వాక్యాలతో మెసేజిలకి చోటు లేదు. సారు బతిమాలి పాతవి కొన్ని తీసేయించారు. వెంటనే ఫోను కుయ్యిమంది. పుంగనూరు ఇంటికి స్వాగతం. సిస్టరమ్మ కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి చదివి కొంచెం చల్లబడింది. "నిమిషమైనా వసారా వసారానే" అని మాత్రం అంది.

ఆమె వెళ్ళగానే ఆ వసారాని తీసేద్దామని మిషనుకి రాశాను. అది ఒప్పుకోలేదు. ఒకసారి మనిషి ఉన్న యూనిట్‌ని తీసెయ్యడానికి లేదట. అందులో సిస్టరమ్మ కాపురం చేసినట్టే లెక్క. జాబితాలో వసారా ఎదురుగా 'ఖాళీ' అని చూపిస్తోంది. "ఉండనీలేమ్మా, ఎవురికి అడ్డం" అన్నారు సారు.

అడ్డమెవరికన్నది మర్నాడు పొద్దున తెలిసింది. అవ్వ ఆఫీసుకి ఫోన్ చేసింది. "పుంగనూరింట్లో వసారాలో ఎవురో దిగినారంట. పాలు పెడతాండారంట. అయ్యవారు ఫోన్ చేసినాడు. ఏంది కథ?" కథ సారుకి చప్పున అర్థమైంది. ఖాళీ అని కనిపించిన ఇళ్ళకి బెంగుళూరు వాళ్ళే మనుషుల్ని వెతికి పంపుతారు. ఆషాఢానికి ముందు ఇదే ఆఖరి మంచిరోజు. సారు మొహం పాలిపోయింది. "అల్లుడికి తెలిసిందంటే పని పాయె. నువ్వు పోమ్మా. పాలు పొంగేలోపల చెప్పు. పొంగినాయంటే వాళ్ళదే అంటాది అవ్వ."

పుంగనూరు బస్సులో సిస్టరమ్మ కూడా ఎక్కింది, కిటికీలకి కర్టెన్ల కొలత తీసుకోవడానికి. విషయం చెబితే ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఇంగ ఎంతమందిని పెట్టినావు నా వసారాలో" అంది. పుంగనూరులో ఆ ఇంటి వీధి రాగానే "ఆపప్పా" అంది. మామూలు గొంతుతోనే అంది. బస్సు ఆగింది. అంత సులువుగా ఆగుతుందని నాకు తెలియదు.

వసారాలో మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేశారు. ఒకాయన, భార్య, ముసలి తల్లి దాని చుట్టూ కూర్చున్నారు. పొయ్యి సరిగ్గా గడపకి ఎదురుగా ఉండడంతో, అయ్యవారు బడికి పోయే బట్టల్లో, చేతిలో టిఫిన్ డబ్బాతో లోపలే నిలబడిపోయాడు. గిన్నెలో పాలు అంచుల దగ్గర నురగ కడుతున్నాయి.

"నేను బయటికి రావచ్చునా" అన్నాడు అయ్యవారు.

"రవంత ఆగండి సార్, పొంగేస్తాయి" అంది ముసలామె.

నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. సిస్టరమ్మ నా భుజం మీద గొడుగు కర్రతో మెల్లిగా పొడిచింది. "చెప్పు తల్లీ. పుట్టినప్పుడు అంత గట్టిగా ఏడ్సినావు."

"ఇది ఇల్లు కాదప్పా" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. "వసారా. ఉత్త వసారా. ఇందులో గదుల్లేవు. నేనే ఉత్తినే నంబరిచ్చినాను."

ఆయన తాపీగా తలెత్తాడు. "తెలుసమ్మా. ఫోన్లో ఆ బెంగుళూరు మేడం చెప్పింది కదా, గదుల్లేవు, గాలీ వెలుతురూ ఉండాయని. నాకు గావాల్సింది అదే. మాది సదుం. టైలర్ని. రేత్రికి మా ఊరికే పోతా. పగలు కుట్టుమిషను పెట్టుకునేదానికి వీధి మీదికి తావు దొరక్క ఎన్ని అంగళ్ళు తిరిగినానో."

పాలు పొంగి ఇటుకల మీద చుయ్యిమన్నాయి. అందరూ చేతులు జోడించారు. అయ్యవారు డబ్బాతో సహా.

ఆ తర్వాత నేను చేసినవేవీ నేను చేసినట్టు నాకు గుర్తులేదు. అయ్యవారి ఫోను అడిగి తీసుకున్నాను. (అడిగి.) అవ్వకి ఫోన్ చేసి, ఆగకుండా మాట్లాడాను. పాలు పొంగినాయని, ఆమె మాట ప్రకారం వసారా వాళ్ళదైందని, మనిషి మంచివాడని, రాత్రుళ్ళు ఉండడని, మిషనులో కూడా అలాగే ఉందని.

"వసారాకి బాడుగనా" అంది అవ్వ.

"అవునవ్వా."

"మా ఆయనకి కూడా తట్టలేదే. సరే, సిస్టరమ్మ ఏమంటాదో అడుగు. ఆయప్ప రైకలు బాగా కుడతాడేమో కూడా అడుగు."

సిస్టరమ్మ గొడుగు ఆనించుకుని వసారా ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. "నేనుండేది ఒంటిగా" అంది. "పగలు మనిషి అలికిడి ఉంటే మంచిదే. కానీ నాకు ముందు కర్టెన్లు కుట్టియ్యాల." టైలరు మెడలోని టేపు తీసి అప్పుడే కిటికీ కొలిచాడు.

సారు నన్ను పర్మనెంటు చేశారు. ట్యూషన్ పిల్లల్ని నాన్న ఇంకెవరికో అప్పగించారు. నేను కోరుకున్న ఉద్యోగం మాత్రం ఆ రోజుతోనే పోయింది. "అవ్వ చెప్పింది, బాగా మాట్లాడతావంట" అని సారు మరుసటి వారం నుంచి బాడుగలవాళ్ళందరికీ ఫోన్లు నాతోనే చేయించారు. పుంగనూరు నుంచి వచ్చిన ఆ సాయంత్రం, బి.కొత్తకోట బస్సులో నా స్టేజీ రాకముందే లేచి నిలబడి "ఆపండి" అన్నాను. కండక్టరు చెవి రుద్దుకుంటూ "యాల అరుస్తావు పాపా, ఆపుతా కదా" అన్నాడు. డైరీలో నేను ఆయన చేత ఇన్నాళ్ళూ చెప్పించిన మాటలకీ దానికీ పోలికే లేదు.

ఇప్పుడు పొద్దున లేచింది మొదలు ఫోన్లో మాట్లాడే ఉద్యోగమే చేస్తున్నాను. మొన్న అటకెక్కిన డైరీలు దించి చూశాను. ఆ ఆషాఢం ముందువి లావుగా, అట్టలు ఉబ్బి ఉన్నాయి. తర్వాతవి సన్నబడుతూ వచ్చి, ఒక ఏడాది దగ్గర ఆగిపోయాయి. పాలు పొంగిన ఆ శుక్రవారం పేజీ తీస్తే, 'ఈరోజు రాయడానికేమీ లేదు, అన్నీ చెప్పేశాను' అని ఉంది. ఆ లావు డైరీల పిల్ల కండక్టరుతో ఎంత చక్కగా వాదించేదో కాసేపు చదువుకున్నాను. ఇన్ని మాటలు నేర్చాను గాని, అంత బాగా మాట్లాడడం నాకు మళ్ళీ రాలేదు.